రాజభక్తికీ దేశభక్తికీ నడుమ: వలసపాలనలో బిరుదులు, తెలుగు సమాజం

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల తెలుగు గ్రంథాల ముఖపత్రాలను, నాటి పత్రికల్లోని సభావార్తలను పరిశీలించినవారికి వ్యక్తుల పేర్లకు ముందు కొన్ని మాటలు తరచుగా కనిపిస్తాయి. రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు, మహామహోపాధ్యాయ, సర్ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. నేటి పాఠ్యపుస్తకాల్లో, సాహిత్య చరిత్రల్లో ఇవి చాలావరకు జారిపోయాయి. మనకు కందుకూరి వీరేశలింగం ‘గద్యతిక్కన’గా మిగిలాడు, రావు బహదూరుగా మిగలలేదు. రఘుపతి వెంకటరత్నం నాయుడు ‘బ్రహ్మర్షి’గా మిగిలాడు, ఆయన దివాన్ బహదూరు అయిన సంగతి పరిశోధకులకు తప్ప తెలియదు.

ఈ విస్మృతి యాదృచ్ఛికం కాదు. జాతీయోద్యమం తరువాత ప్రభుత్వ బిరుదు రాజభక్తికి గుర్తుగా స్థిరపడింది. అందువల్ల మనం అభిమానించే సంస్కర్తల విషయంలో దానిని ప్రస్తావించకుండా దాటవేయడం, మనకు నచ్చని జమీందార్ల, మంత్రుల విషయంలో నిందాపూర్వకంగా ఎత్తిచూపడం రివాజయింది. ఒకే ఆధారాన్ని ఒకచోట దాచి, మరొకచోట చాటడం చరిత్ర రచనకు తగిన పద్ధతి కాదు. బిరుదు పొందిన వ్యక్తి స్వభావాన్ని కొలవడానికి బిరుదు పనికిరాదనీ, ఆ బిరుదును ఎవరు, ఎప్పుడు, ఏ సేవకు ఇచ్చారన్న ప్రశ్నలతో చదివినప్పుడు అది వలసపాలనకూ తెలుగు సమాజానికీ మధ్య సాగిన బేరసారాలకు విలువైన సాక్ష్యమవుతుందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ బిరుదులకు బదులుగా తెలుగువారు తమ సొంత బిరుదుల వ్యవస్థను ఎలా నిర్మించుకొన్నారన్నది ఇందులో రెండో అంశం.

వలసపాలనకు ముందు బిరుదు

బిరుదు తెలుగువారికి ఇంగ్లీషువారు నేర్పినది కాదు. శాసనాల్లో రాజుల పేర్లకు ముందు బిరుదావళి సుదీర్ఘంగా సాగుతుంది. రుద్రమదేవికి ‘రాయగజకేసరి’ అన్న బిరుదు ఉంది. సాహిత్యంలో శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం పొంది ‘కవిసార్వభౌముడు’ అయ్యాడనీ, అల్లసాని పెద్దన కాలికి కృష్ణదేవరాయలు స్వయంగా గండపెండేరం తొడిగాడనీ మన సంప్రదాయం చెబుతుంది.

ఈ బిరుదులలో మూడు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, బిరుదు ఒక నిర్దిష్టమైన ఘనకార్యాన్ని చెబుతుంది. గెలిచిన యుద్ధమో, ఓడించిన పండితుడో అందులో ఉంటాడు. రెండోది, అది సభలో, అందరి ఎదుట లభిస్తుంది. వందిమాగధుల నోట నిలుస్తుంది. మూడోది, ఒకరి బిరుదు మరొకరి బిరుదు కంటే ఎన్ని మెట్లు ఎక్కువో చెప్పే పట్టిక ఏదీ లేదు. పెద్దన ‘ఆంధ్రకవితా పితామహుడు’ అయినంత మాత్రాన శ్రీనాథుని సార్వభౌమత్వానికి లోటు రాలేదు. వలస ప్రభుత్వం మార్చివేసింది ప్రధానంగా ఈ మూడు లక్షణాలనే.

బిరుదుల యంత్రాంగం

1857 తిరుగుబాటు తరువాత పాలన కంపెనీ చేతినుండి రాణి చేతికి మారింది. దేశీయ ప్రముఖులను కొత్త ప్రభుత్వానికి విధేయులుగా కూడగట్టుకోవలసిన అవసరం అప్పుడే బలంగా కలిగింది. 1861లో ‘స్టార్ ఆఫ్ ఇండియా’, 1878లో ‘ఇండియన్ ఎంపైర్’ అన్న గౌరవ శ్రేణులు ఏర్పడ్డాయి. ఈ రెంటికీ మధ్య, 1877 జనవరి 1న, విక్టోరియా భారత చక్రవర్తిని అయినట్లు ప్రకటించడానికి లిట్టన్ ఢిల్లీలో మహాదర్బారు జరిపించాడు. మొగలు దర్బారు పద్ధతులను తీసుకొని, వాటి అర్థాన్ని మార్చి, బ్రిటిషు అధికారానికి కొత్త సంప్రదాయంగా మలచిన తీరును చరిత్రకారుడు బెర్నార్డ్ కోన్ విపులంగా వివరించాడు. తెలుగువారు ఆ దర్బారును మరొక కారణానికి కూడా గుర్తుంచుకోవాలి. ఆ వేడుక జరుగుతున్న రోజుల్లోనే కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు జిల్లాలు ధాత కరువులో మలమల మాడుతున్నాయి.

1887లో రాణి స్వర్ణోత్సవ సందర్భంగా సంస్కృత పండితులకు ‘మహామహోపాధ్యాయ’, అరబ్బీ పారశీక పండితులకు ‘షంసుల్ ఉలమా’ బిరుదులు ఏర్పడ్డాయి. 1900లో ప్రజాసేవ చేసినవారికోసం ‘కైజర్-ఇ-హింద్’ పతకం వచ్చింది. 1911 ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి బిరుదు పొందినవారికి ధరించడానికి మూడు తరగతుల పతకాలను ఏర్పాటు చేశాడు. దివాన్ బహదూరు మొదటి తరగతి, రావు బహదూరు రెండవది, రావు సాహెబు మూడవది. ఇవి హిందువులకు. ముస్లిములకు రెండో మూడో తరగతుల్లో ఖాన్ బహదూరు, ఖాన్ సాహెబు అన్నవి సమానమైనవి. అంటే బిరుదు పేరు వినగానే పొందినవారి మతం, మెట్టు రెండూ తెలిసిపోతాయి. జనాభా లెక్కల్లో మనుషులను మతాలవారీగా వర్గీకరించిన ప్రభుత్వం గౌరవాన్ని కూడా అదే పద్ధతిలో వర్గీకరించింది.

బిరుదు వచ్చే దారి కూడా కార్యాలయపు దారే. కలెక్టరు సిఫారసు చేస్తాడు, రాష్ట్ర ప్రభుత్వం పరిశీలిస్తుంది, వైస్రాయి ఆమోదిస్తాడు, కొత్త సంవత్సరం రోజునో రాజు పుట్టినరోజునో గెజెట్టులో జాబితా వెలువడుతుంది, ఆ తరువాత సన్నదు అందుతుంది. ఈ బిరుదులు వ్యక్తిగతమైనవి. సాధారణంగా కొడుక్కు సంక్రమించవు. పాత బిరుదు సభలో పుట్టి జనం నోట నిలిచేది. కొత్తది దస్త్రంలో పుట్టి గెజెట్టులో నిలిచింది. ‘బహదూరు’ అంటే శూరుడు. అయితే శౌర్యంతో సంబంధం లేని మునిసిపల్ అధ్యక్షునికీ, ఇంజనీరుకూ, ఉపాధ్యాయునికీ ఒకే ‘శూరత్వం’ దక్కింది. బిరుదులోని మాటకూ చేసిన పనికీ మధ్య తెగిపోయిన ఈ బంధమే వలస బిరుదు ప్రత్యేకత. ఏ పనికి ఇచ్చారో బిరుదు చెప్పదు. ఇచ్చింది ఎవరో మాత్రం చెబుతుంది.

ఏది ప్రజాసేవ?

ప్రభుత్వం దేనిని గౌరవించదగిన ప్రజాసేవగా ఎంచిందో తెలుసుకోవడానికి కొన్ని తెలుగు ఉదాహరణలు తోడ్పడతాయి.

గోదావరిమీద దౌలేశ్వరం ఆనకట్ట 1847, 1852 మధ్య నిర్మితమైంది. ఆ నిర్మాణంలో ఆర్థర్ కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్నకు ప్రభుత్వం రాయ్ బహదూరు బిరుదు ఇచ్చింది. ఇది ప్రభుత్వ నిర్మాణంలో చేసిన సేవకు దక్కిన గుర్తింపు. 1866 కరువులో కర్నూలు ప్రాంతంలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయనకు విక్టోరియా రాణి పేర బంగారు పతకం లభించింది. కరువులో ఆకలి తీర్చడం పాలకుల మొదటి బాధ్యత. ఆ బాధ్యత ఒక రైతు తలకెత్తుకొన్నప్పుడు పాలకులు పతకం ఇచ్చారు. ఈ దృష్టితో చూస్తే ఆ పతకం వెంగళరెడ్డి దాతృత్వానికి ఎంత సాక్ష్యమో, పాలన వైఫల్యానికీ అంతే సాక్ష్యం.

గాజుల లక్ష్మీనరసు చెట్టి ఉదాహరణ మరింత చిక్కైనది. మద్రాసులోని ఈ తెలుగు వర్తకుడు 1844లో ‘క్రెసెంట్’ పత్రికను ప్రారంభించాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించి కంపెనీ పాలనలోని అన్యాయాలను పార్లమెంటు దృష్టికి తెచ్చాడు. శిస్తు వసూలులో రైతులను హింసించే పద్ధతిమీద విచారణ సంఘం ఏర్పడి 1855లో నివేదిక ఇవ్వడానికి ఈ ఆందోళన దారితీసింది. అటువంటి విమర్శకుడికే తరువాత ప్రభుత్వం ‘స్టార్ ఆఫ్ ఇండియా’ శ్రేణిలో సి.ఎస్.ఐ. గౌరవం ఇచ్చి, శాసనసభలో స్థానం కల్పించింది. దీనిని లొంగుబాటు అనవచ్చా? ఆయన కోరినది పాలకులు తమ మాటకు కట్టుబడి ఉండాలన్నదే. పాలన తొలగిపోవాలని కోరలేదు. విమర్శకుని తనలో కలుపుకోవడానికి ప్రభుత్వం బిరుదును వాడింది నిజమే. తన మాటకు అధికారుల వద్ద చెల్లుబాటు పెరగడానికి విమర్శకుడు కూడా దానిని వాడుకొనే వీలుంది. బిరుదు రెండువైపులా పనిచేసే సాధనమనడానికి తెలుగులో ఇది తొలి నిదర్శనాల్లో ఒకటి.

పండితుల విషయంలో బిరుదు మరొక పని చేసింది. పరవస్తు వేంకట రంగాచార్యులు, కొక్కొండ వేంకటరత్నం పంతులు, తాతా సుబ్బరాయశాస్త్రి వంటివారు మహామహోపాధ్యాయులయ్యారు. జమీందారీ ఆస్థానాలు కళ తప్పుతున్న కాలంలో శాస్త్రపాండిత్యానికి ప్రభుత్వమే ఆశ్రయదాత అన్న భావన కలిగించడానికి ఈ బిరుదు తోడ్పడింది. మాట సంస్కృతం, ఇచ్చే అధికారం లండనుది. పండితులకు అందులో సంప్రదాయ గౌరవం కనిపించింది; ప్రభుత్వానికి సంప్రదాయంమీద పెత్తనం కనిపించింది.

వీరేశలింగం, 1893

వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించాడు. అధికారుల లంచగొండితనాన్ని అందులో పేర్లతో సహా బయటపెట్టి శత్రువులను తెచ్చుకొన్నాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. వెలివేతలు, వ్యాజ్యాలు, బెదిరింపులు ఎదుర్కొన్నాడు. 1893లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూరు బిరుదు ఇచ్చింది. తొలి వివాహానికీ బిరుదుకూ మధ్య పన్నెండేళ్ల ఎడం ఉంది.

ఈ ఎడం గమనార్హం. వితంతు వివాహాలను చట్టబద్ధం చేసిన శాసనం 1856లోనే వచ్చింది. అయితే 1858 రాణి ప్రకటన తరువాత దేశీయుల మతాచారాల్లో జోక్యం చేసుకోవడానికి ప్రభుత్వం వెనుకాడింది. చట్టం కాగితంమీద ఉంది. దానిని అమలులోకి తెచ్చే భారం వ్యక్తులమీద పడింది. వితంతువును పెళ్లాడినవాడికి ఇల్లు దొరకనప్పుడు, పురోహితుడు రానప్పుడు, వంటవాడు మానుకొన్నప్పుడు ప్రభుత్వం చేసినదేమీ లేదు. ఆ పనులన్నీ వీరేశలింగం, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ, కొద్దిమంది మిత్రులు చేసుకొన్నారు. సంస్కరణకోసం తాను ముందుకు వచ్చి జనాగ్రహానికి గురికావడం కంటే, సంస్కర్తకు బిరుదు ఇచ్చి తన సానుభూతి తెలుపుకోవడం ప్రభుత్వానికి తేలిక. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. 1893 నాటి రావు బహదూరు బిరుదులోని రాజకీయం ఇది.

వీరేశలింగం వైపునుండి చూస్తే, సమాజం వెలివేసినవాడికి ప్రభుత్వ గౌరవం ఒక రక్షణ కవచం. ఛాందసుల ఎదుట, కచేరీల్లో, విరాళాలకోసం ధనికుల ఇళ్లకు వెళ్లినప్పుడు అది ఆయన పనికి బలమిచ్చి ఉంటుందని భావించడం అసంగతం కాదు. తరువాతి కాలంలో, ముఖ్యంగా 1907లో వందేమాతరం ఉద్యమం గోదావరి జిల్లాను ఊపినప్పుడు, ఆయన దానికి దూరంగా నిలిచాడు. ఈ వైఖరికి బిరుదే కారణమని వాదించడం సులువు. అయితే సంఘసంస్కరణ ముందు, రాజకీయ స్వాతంత్ర్యం తరువాత అన్న ఆయన క్రమం బిరుదుకు చాలా ముందే ఏర్పడింది. ఫలితాన్ని కారణంగా చూపడం చరిత్రలో తరచు దొర్లే పొరపాటు.

గిడుగు, 1913

గిడుగు వెంకట రామమూర్తికి 1913లో రావు సాహెబు బిరుదు వచ్చింది. కొన్ని రచనల్లో దీనిని రావు బహదూరుగా పేర్కొనడం కనిపిస్తుంది. రెండింటికీ మధ్య ఒక తరగతి తేడా ఉంది కాబట్టి ఈ పొరపాటు చిన్నది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవర భాష నేర్చుకొని, ఆ భాషకు నిఘంటు సామగ్రి సేకరించి, సవర పిల్లలకు సొంత ఖర్చుతో చదువు చెప్పించిన వ్యక్తికి ప్రభుత్వం ఇచ్చింది అట్టడుగు మెట్టు. జిల్లాలో కచేరీ నిర్వహణలో తోడ్పడిన ప్రముఖులకు పై మెట్టు దక్కడం సాధారణం. ప్రజాసేవకు ప్రభుత్వం కట్టిన విలువల పట్టిక ఈ తారతమ్యంలో కనిపిస్తుంది.

అదే కాలంలో వాడుకభాషా వివాదం తీవ్రస్థాయికి చేరింది. పాఠశాల రచనల్లో ఆధునిక వచనానికి మొదట దొరికిన వెసులుబాటు గ్రాంథికవాదుల ఒత్తిడివల్ల రద్దయింది. బిరుదు ఇచ్చిన ప్రభుత్వం గిడుగు వాదాన్ని మన్నించలేదు. బిరుదు పుచ్చుకొన్న గిడుగు తన వాదాన్ని సడలించలేదు. 1919లో ‘తెలుగు’ పత్రిక స్థాపించి పోరాటం కొనసాగించాడు. బిరుదు వచ్చినవాడు ప్రభుత్వానికి అమ్ముడుపోయినట్లే అన్న సూత్రం ఇక్కడ నిలవదు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, ఆ ప్రాంతాన్ని తెలుగు జిల్లాల్లో నిలపాలని వాదించిన ఆయన ఇల్లు వదిలి రాజమహేంద్రవరం చేరవలసివచ్చింది. పతకం ఆయన మాటను గౌరవించింది కాని ఆయన మాట చెల్లించలేదు.

విభజనరేఖ: 1919-20

1919 మే 27న వీరేశలింగం కన్నుమూశాడు. అదే నెల చివరి రోజుల్లో రవీంద్రనాథ ఠాకూరు జలియన్‌వాలాబాగు దురంతానికి నిరసనగా తన సర్ బిరుదును వదులుకొంటున్నట్లు వైస్రాయికి లేఖ రాశాడు. ఈ రెండు ఘటనల మధ్య కారణ సంబంధం ఏదీ లేదు. అయినా బిరుదు అర్థం మారిన సమయాన్ని గుర్తించడానికి ఈ తేదీలు అనుకూలిస్తాయి. వీరేశలింగం తన బిరుదుకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేని కాలంలో జీవించాడు. ఆయన తరువాతివారికి ఆ సౌకర్యం లేదు.

1920 ఆగస్టు 1న గాంధీ తనకు 1915లో వచ్చిన కైజర్-ఇ-హింద్ పతకాన్ని తిప్పిపంపాడు. సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెసు ఆమోదించిన సహాయ నిరాకరణ కార్యక్రమంలో మొదటి అంశం బిరుదుల, గౌరవోద్యోగాల త్యాగం. ఆచరణలో ఇది విఫలమైన అంశం. దేశం మొత్తంమీద ఐదువేలకు పైగా ఉన్న బిరుదాంకితుల్లో తొలి నెలల్లో బిరుదు వదులుకొన్నవారు రెండు పదులకు అటూ ఇటూగా మాత్రమే ఉన్నారు. విదేశీ వస్త్రాలను తగలబెట్టినంత సులువుగా పేరుముందు మాటను ఎవరూ తీసివేయలేకపోయారు.

అయినా ఆ కార్యక్రమం మరో రకంగా విజయం సాధించింది. బిరుదు తిప్పిపంపినవారు కొద్దిమందే. అయితే బిరుదు ఉన్నవారందరూ ఇప్పుడు దానిని ‘ఉంచుకొన్నవారు’ అయ్యారు. నిన్నటివరకు లభించిన గౌరవం నేటినుండి ఒక నిర్ణయమయింది. మద్రాసు రాజధానిలో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడి జస్టిస్ పార్టీ పదవులు స్వీకరించడంతో ఈ చీలిక పార్టీల చీలికగా కూడా రూపుకట్టింది. పానగంటి రామరాయణింగారు ‘పానగల్ రాజా’గా ఎంతగా ప్రసిద్ధుడయ్యాడంటే, సొంతపేరు చాలామందికి తెలియకుండాపోయింది. ఖద్దరు కట్టిన కాంగ్రెసు కార్యకర్తకు రాజా, సర్, రావు బహదూరు అన్నవి ప్రత్యర్థి పక్షపు గుర్తులయ్యాయి.

ప్రజలిచ్చిన బదులు

ఈ సందర్భంలోనే తెలుగు ప్రజాజీవితంలో ఒక విశేషం కనిపిస్తుంది. ప్రభుత్వ బిరుదులను తిరస్కరించిన ఉద్యమం బిరుదు అన్న ఊహను తిరస్కరించలేదు. బిరుదు ఇచ్చే అధికారాన్ని తన చేతిలోకి తీసుకొంది. కొండా వెంకటప్పయ్య ‘దేశభక్త’ అయ్యాడు. చీరాల పేరాల పోరాటాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘ఆంధ్రరత్న’ అయ్యాడు. ఆంధ్రపత్రికనూ భారతినీ స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు ‘దేశోద్ధారక’ అయ్యాడు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన నిరసనలో తుపాకులకు ఎదురొడ్డి నిలిచిన టంగుటూరి ప్రకాశం ‘ఆంధ్రకేసరి’ అయ్యాడు.

ఈ మాటల నిర్మాణాన్ని గమనించాలి. ‘దేశభక్త’ అన్నది ‘రాజభక్తి’కి సూటి బదులు; భక్తి అలాగే ఉంది, దైవం మారింది. ‘ఆంధ్రకేసరి’లోని కేసరి పదం రుద్రమదేవి ‘రాయగజకేసరి’ని తలపిస్తుంది. పాత బిరుదుల లక్షణాలు ఇక్కడ తిరిగివచ్చాయి. బిరుదు వెనుక ఒక ఘనకార్యం ఉంది, సభ ఉంది, జనం నోరు ఉంది. తరగతుల పట్టిక లేదు. అదే సమయంలో వలస బిరుదునుండి తీసుకొన్నది కూడా ఒకటి ఉంది. పేరుకు ముందు శాశ్వతంగా అంటిపెట్టుకొని ఉండడం, పత్రికల్లో అధికారికంగా అలాగే అచ్చవడం. ‘రావు బహదూరు’ ఖాళీ చేసిన స్థలంలోనే ‘దేశభక్త’ కూర్చొంది.

మరో మార్పు పరిధికి సంబంధించినది. ప్రభుత్వ బిరుదుల్లో సామ్రాజ్యమే తప్ప ప్రాంతం లేదు. ప్రజల బిరుదుల్లో ‘ఆంధ్ర’ శబ్దం పదేపదే వినిపిస్తుంది. ఆంధ్రోద్యమం కోరుతున్న రాష్ట్రం పటంమీద ఏర్పడకముందే బిరుదుల్లో ఏర్పడింది. నిజాం రాజ్యంలోనూ ఇదే జరిగింది. అక్కడ జంగ్, దౌలా, ముల్క్ అంతాలుగా గల ఆసఫ్‌జాహీ బిరుదుల వ్యవస్థ వేరుగా ఉంది. హైదరాబాదు కొత్వాలు వెంకటరామారెడ్డి ‘రాజా బహదూరు’ అయ్యాడు. 1918లో రెడ్డి వసతిగృహం స్థాపనకు తోడ్పడి తెలుగు విద్యార్థులకు ఆశ్రయం కల్పించాడు. అదే నగరంలో గ్రంథాలయాలకూ ఆంధ్ర జనసంఘానికీ తన జీవితాన్ని అంకితం చేసిన మాడపాటి హనుమంతరావును ప్రజలు ‘ఆంధ్రపితామహ’ అన్నారు. ఇద్దరి సేవా విలువైనదే. ఇచ్చిన చేతులు వేరు.

స్త్రీల విషయంలో రెండు వ్యవస్థల అంతరం స్పష్టం. రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు అన్నవన్నీ పురుషుల బిరుదులు. వాటికి స్త్రీరూపమే లేదు. కైజర్-ఇ-హింద్ పతకం మాత్రం స్త్రీపురుష భేదం లేకుండా ఇవ్వదగినదిగా ఏర్పడింది. గోదావరి లంకల్లోని గన్నవరంలో దారినపోయేవారికి వేళ కాని వేళ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మను ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకు ఆహ్వానించారనీ, ఆమె వెళ్లడానికి ఇష్టపడలేదనీ కోనసీమలో నేటికీ చెప్పుకొంటారు. ఆమెకు జనం పెట్టిన పేరు ‘అపర అన్నపూర్ణ’. అది ఏ గెజెట్టులోనూ లేదు.

1920 తరువాతి బిరుదాంకితులు

విభజనరేఖ తరువాత కూడా బిరుదు అర్థం ఏకరూపంగా లేదు. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1912లో దివాన్ బహదూరు, 1924లో సర్ అయ్యాడు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల అధ్యక్షుడుగా ఆయన తీర్చిదిద్దిన శిష్యులు, భోగం మేళాలకు వ్యతిరేకంగా నడిపిన ఉద్యమం, అనాథలకు కల్పించిన ఆశ్రయం ‘బ్రహ్మర్షి’ అన్న పేరును నిలిపాయి. ప్రభుత్వం ఇచ్చిన బిరుదు, శిష్యులు ఇచ్చిన బిరుదు ఒకే వ్యక్తిలో పక్కపక్కన నివసించాయి.

కట్టమంచి రామలింగారెడ్డి ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపాధ్యక్షుడుగా ఉంటూ 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా పదవి వదులుకొన్నాడు. 1936లో తిరిగి ఆ పదవికి వచ్చాడు. 1942లో సర్ బిరుదు స్వీకరించాడు. ఒకే వ్యక్తి ఒక దశకంలో రాజీనామా, తరువాతి దశకంలో బిరుదు. మొదటిదాన్ని మాత్రమే చెబితే ఆయన త్యాగశీలి, రెండోదాన్ని మాత్రమే చెబితే రాజభక్తుడు అవుతాడు. రెండూ కలిపి చెప్పినప్పుడే ఒక విద్యాసంస్థను నిలబెట్టడానికి ప్రభుత్వంతో నిరంతరం వ్యవహరించవలసివచ్చిన మేధావి కనిపిస్తాడు. స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలు గడిచినా ఏలూరులోని కళాశాల ‘సర్ సి.ఆర్. రెడ్డి’ పేరుతోనే నడుస్తోంది. ఆ ‘సర్’ ఇప్పుడు సామ్రాజ్యాన్ని గుర్తుచేయదు. ఆయన పేరులో భాగమైపోయింది.

మూడో దాత: విశ్వవిద్యాలయం

ప్రభుత్వం, ప్రజలు అన్న ఇద్దరు దాతల మధ్య 1926లో మూడో దాత అవతరించింది. ఆ సంవత్సరం ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ‘కళాప్రపూర్ణ’ పట్టాను ప్రసాదించడం ప్రారంభించింది. వేదం వేంకటరాయశాస్త్రి, నాగేశ్వరరావు, గిడుగు, చిలకమర్తి లక్ష్మీనరసింహం మొదలైనవారు దానిని అందుకొన్నారు. ఇందులో గెజెట్టు క్రమశిక్షణ ఉంది. సంస్కృత సమాసపు సొగసు ఉంది. తెలుగు పాండిత్య రచనలకు గౌరవం ఉంది. వాడుకభాషకోసం పోరాడిన గిడుగునూ గ్రాంథిక పక్షంలో నిలిచిన వేదంవారినీ ఒకే పట్టా వరించింది. ఉద్యమ బిరుదు పక్షం చెబుతుంది. విశ్వవిద్యాలయ బిరుదు పక్షాలకు అతీతంగా కృషిని చెప్పజూసింది.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. సైనిక, విద్యా విశిష్టతలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రావు బహదూరు పరంపర అక్కడితో ముగిసింది, కళాప్రపూర్ణ కొనసాగింది. 1954లో పద్మ పురస్కారాలు ఏర్పడ్డాయి. అవి బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందూ వెనుకా తగిలించరాదనీ 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మన సభల ఆహ్వానపత్రాల్లో ‘పద్మశ్రీ’ పేరుకు ముందే కనిపిస్తుంది. ఒకప్పుడు ‘రావు బహదూరు’, ఆ తరువాత ‘దేశభక్త’ కూర్చొన్న స్థలం ఇంకా ఖాళీ కాలేదు.

ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన విషయాలు కొన్ని. వలస ప్రభుత్వ బిరుదు పొందినవారి రాజభక్తికి నేరుగా కొలమానం కాదు. ప్రభుత్వం దేనిని సేవగా గుర్తించింది, దానికి ఏ విలువ కట్టిందన్న దానికి కొలమానం. వీరన్న శ్రమకూ, వెంగళరెడ్డి గాదెలకూ, లక్ష్మీనరసు చెట్టి విమర్శకూ, వీరేశలింగం సంస్కరణకూ, గిడుగు సవర కృషికీ ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపులు ఒక్కొక్కటి ఒక్కో అవసరంనుండి పుట్టాయి. 1919-20కి ముందున్న బిరుదునూ తరువాతి బిరుదునూ ఒకే తక్కెడలో తూచరాదు. తెలుగు సమాజం బిరుదును వదులుకోలేదు; దాత స్థానాన్ని మార్చింది; ఆ మార్పులో తన ప్రాంతీయ అస్తిత్వాన్ని కూడా పలికించుకొంది.

కాబట్టి జీవితచరిత్రలు, సాహిత్య చరిత్రలు రాసేవారు ప్రభుత్వ బిరుదులను తొలగించడం కాని, నిందకు వాడడం కాని సరికాదు. బిరుదును సంవత్సరంతో, తరగతితో, సందర్భంతో సహా నమోదు చేయాలి. గిడుగు రామమూర్తి 1913లో రావు సాహెబు, 1934లో కైజర్-ఇ-హింద్ పతక గ్రహీత, 1938లో కళాప్రపూర్ణ. జనం నోట ఎప్పటికీ ‘గిడుగు పిడుగు’. వీటిలో ఏ ఒక్కటి తీసివేసినా ఆయన కాలం మనకు పూర్తిగా అర్థం కాదు.